ఏ చెవి? ఎన్నాళ్ల నుంచి?

తెలుగిళ్లలో 'చెవిలో నీళ్లు పోయాయి' అంటే తలంటు పోసుకునేటప్పుడో చెరువులో మునిగినప్పుడో బయటి నీళ్లు దూరాయని అర్థం. తల ఓ పక్కకు వంచి ఒంటికాలి మీద గెంతితే వచ్చేస్తాయి. అందుకే ఈఎన్‌టీ డాక్టరు 'బాబు చెవిలో నీరుందమ్మా' అనగానే తల్లి, 'స్నానానికి ముందు దూది పెడుతూనే ఉన్నానండీ' అంటుంది. డాక్టరు చెప్పే నీరు కర్ణభేరికి అవతలిది. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి తీసుకెళ్లే యూస్టేషియన్ గొట్టం సరిగా తెరుచుకోకపోతే లోపలి గాలి ఇంకిపోతుంది, పీడనం తగ్గుతుంది, పొర నుంచి ద్రవం ఊరి అక్కడే నిలిచిపోతుంది. జలుబు తర్వాత రావచ్చు, చీము పట్టిన చెవి మానాక మిగిలిపోనూ వచ్చు. జ్వరం ఉండదు. చెవి కారదు. చాలామందికి నొప్పి కూడా ఉండదు. పిల్లవాడు టీవీ సౌండు పెంచుతాడు, వంటింట్లోంచి పిలిస్తే పలకడు, బడిలో టీచరు చెప్పింది సగమే అందుకుంటాడు.

బడి వయసు వచ్చేలోపు పదిమందిలో తొమ్మిదిమంది పిల్లలకు ఒక్కసారైనా వచ్చే జబ్బు ఇది. ఎక్కువమందికి మూడు నెలల్లో దానంతటదే పోతుంది. ఇంత మామూలు జబ్బుకు, బీమాకీ రికార్డుకీ కావాల్సిన కోడ్ వేయడం ఎంతసేపు అనిపిస్తుంది. నేను కొన్నేళ్లు హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా రోగుల చార్టులకు కోడ్లు వేశాను, ఆ తర్వాత పక్కవాళ్లు వేసినవి ఆడిట్ చేశాను. బీఫార్మసీయో మైక్రోబయాలజీయో ఫిజియోథెరపీయో చదివి, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, సీపీసీ అనే కోడింగ్ పరీక్ష గట్టెక్కి ఈ పనిలోకి వచ్చినవాళ్లు మా ఊళ్లో వేలల్లో ఉన్నారు. ఒహాయోలో ఓ పిల్లవాడి చెవి చూసి డాక్టరు రాసిన నాలుగు వాక్యాలు మర్నాటికి మాదాపూర్‌లో ఒకరి స్క్రీన్ మీదుంటాయి. కోడరుకు చెవి కనబడదు, ఆ నాలుగు వాక్యాలే దిక్కు. గుండె, కిడ్నీ చార్టులు కష్టమని కొత్తవాళ్లు భయపడతారు గానీ, నా ఆడిట్లలో పదేపదే ఎర్రర్ పడింది ఈ చిన్న చెవి మీదే. కొన్ని తప్పులు డాక్టరు రాతవి, కొన్ని మావి. అయితే ఒకటి రెండు తప్పులు కోడ్ పుస్తకంలోనే ఉన్నాయి. వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

పుస్తకం అంటే ఐసీడీ, అంటే జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ. మొదట్లో దీనికి చెవితో పనే లేదు. 1893లో జాక్ బెర్టియోన్ తయారుచేసింది చావులకు కారణాల జాబితా. చెవిలో నీరు చేరి ఎవరూ చనిపోరు. 1948లో వచ్చిన ఆరో సవరణతో గానీ చంపని జబ్బులకు ఇందులో సరైన చోటు దొరకలేదు. ఇప్పుడు మన దేశం వాడుతున్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఐసీడీ-10. అమెరికా దానికి తన సొంత అంకెలు తగిలించి ఐసీడీ-10-సీఎం అని 2015 అక్టోబరు 1 నుంచి వాడుతోంది.

రెండింటిలోనూ చెవి అరలు ఒకటే. హెచ్65 అంటే చీము లేని మధ్యచెవి వాపు. హెచ్66 అంటే చీము పట్టినది. మన నీరు హెచ్65కు చెందింది. ఇంతవరకు పసిపిల్లలకు కూడా అర్థమవుతుంది. కానీ హెచ్66 పూర్తి పేరు చూడండి: 'చీము పట్టినవి, వివరం చెప్పనివి'. ఆ రెండో ముక్కే గొయ్యి. డాక్టరు హడావుడిలో 'ఓటైటిస్ మీడియా' అని రెండు మాటలు రాసి వదిలేస్తే, కోడర్ ఇండెక్స్ పట్టుకుని వెళ్లేది హెచ్66.9కి. చుక్క చీము లేని చెవి, చీము చెవుల వరుసలో నిలబడుతుంది.

దీనివల్ల డబ్బు పోకపోవచ్చు, అందుకే చాలా ఆఫీసుల్లో దీన్ని ఎర్రర్‌గా కూడా లెక్కపెట్టరు. నా దృష్టిలో పెద్ద తప్పు ఇదే. చీము చెవి మానాక నీరు వెంటనే ఇంకిపోదు. రెండు వారాలకు పదిలో ఏడు చెవుల్లో, నెలకు నాలుగింటిలో, రెండు నెలలకు రెండింటిలో, మూడు నెలలకు ఒకదానిలో ఇంకా ఉంటుందని పాఠ్యపుస్తకాలు చెప్తాయి. అంటే తిరిగి చూపించుకోవడానికి వచ్చిన పిల్లల్లో చాలామందికి నీరుంటుంది, ఇన్‌ఫెక్షన్ ఉండదు. ఆ రోజు చార్టులో మళ్లీ 'ఓటైటిస్ మీడియా' అనే పడితే, రికార్డు చూసినవాళ్లకు రెండోసారి ఇన్‌ఫెక్షన్ వచ్చినట్టు కనిపిస్తుంది. దానికి రాసిన యాంటీబయాటిక్ సబబైనదిగా కనిపిస్తుంది. నిజానికి ఈ నీటికి యాంటీబయాటిక్ గానీ, స్టెరాయిడ్ గానీ, జలుబు మాత్రలు గానీ ఇవ్వొద్దని అమెరికా ఈఎన్‌టీ అకాడమీ 2016 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. అక్కర్లేని మందు ఎంత వాడుతున్నారో కోడ్ల నుంచి లెక్క తీసేవాడికి ఇలాంటి చార్టులు కళ్లకు గంతలే.

ఇక హెచ్65 లోపలికి వెళ్దాం. 65.0 అక్యూట్ సీరస్. 65.1 అక్యూట్‌లోనే మిగతావి. 65.2 క్రానిక్ సీరస్, అంటే దీర్ఘకాలంగా ఉన్న పల్చటి నీరు. 65.3 క్రానిక్ మ్యూకాయిడ్, బ్రిటిష్ డాక్టర్లు గ్లూ ఇయర్ అనే జిగురు చెవి. 65.4 క్రానిక్‌లో ఇతరాలు. 65.9 అన్‌స్పెసిఫైడ్. ఈ అరలు కట్టినవాళ్లు నీటిని దాని చిక్కదనాన్ని బట్టి విడదీశారు. తర్వాతి తరం వైద్యులు ఆ తేడా క్లినిక్‌లో కూర్చుని తేల్చలేమని గ్రహించి, అన్నిటికీ కలిపి 'ఓటైటిస్ మీడియా విత్ ఎఫ్యూజన్' అని ఒకే పేరు పెట్టుకున్నారు. ఓఎంఈ అంటారు. మార్గదర్శకాలన్నీ ఆ పేరు మీదే ఉన్నాయి.

మరి ఆ పేరుకు పుస్తకంలో ఎక్కడ చోటు? సొంత అర లేదు. ఉత్తి ఓఎంఈ అని రాస్తే 65.9, అన్‌స్పెసిఫైడ్. ముందు 'క్రానిక్' చేరిస్తే 65.4, ఇతరాలు. అదే చెవిని చూసి పాతకాలపు అలవాటుతో ఇంకో డాక్టరు 'క్రానిక్ సీరస్' అని రాస్తే 65.2. లండన్‌లో చదివొచ్చినాయన 'గ్లూ ఇయర్' అంటే 65.3. చెవి ఒకటే, నీరు ఒకటే, కోడ్లు నాలుగు. ఇందులో విడ్డూరం ఏమిటంటే, మార్గదర్శకం చెప్పిన సరైన పేరు రాసిన డాక్టరుకే 'వివరం లేదు' అన్న ముద్ర పడుతుంది. ఊహించి 'సీరస్' అన్నవాడికి పక్కా కోడ్ దొరుకుతుంది. అన్‌స్పెసిఫైడ్ కోడ్లు తగ్గించండని మేనేజర్లు మెయిళ్లు పెడుతుంటే, డాక్టర్లకు మేం పరోక్షంగా నేర్పింది ఏమిటని ఇప్పుడు ఆలోచిస్తే కొంచెం సిగ్గుగానే ఉంటుంది. ఒక్క 65.3ను లెక్కపెట్టి ఫలానా చోట జిగురు చెవులు ఇన్ని అని ఎవరైనా చెప్తే నేను నమ్మను. ఆ అంకె అక్కడి డాక్టర్ల మాటతీరును కొలుస్తుంది.

చిక్కదనం నిజంగా తెలిసేది ఆపరేషన్ టేబుల్ మీద. కర్ణభేరికి చిన్న గాటు పెట్టి నీరు లాగితే, పల్చగా జారిందా, బంకలా సాగిందా అన్నది సర్జన్ కంటికి కనబడుతుంది. ఆపరేషన్ ముందు రాసిన జబ్బు పేరు, తర్వాత రాసినది వేరైతే, తేలిన రెండోదానికే కోడ్ వేయాలని అవుట్‌పేషెంట్ నియమం. కాబట్టి 65.3 న్యాయంగా వాడగలిగే చోటు ఆపరేషన్ నోటు. సర్జన్ మాత్రం 'ద్రవం లాగేశాం' అని రాసి, పైనున్న ఆపరేషన్ ముందరి పేరునే కింద మళ్లీ అతికిస్తాడు.

కాలం సంగతి ఇంకా చిక్కు. మార్గదర్శకాల ప్రకారం మూడు నెలలు దాటితే క్రానిక్. ఎప్పుడు మొదలైందో తెలిస్తే అప్పటి నుంచి, తెలియకపోతే మొదటిసారి కనిపెట్టిన రోజు నుంచి లెక్క. ఐసీడీ పుస్తకంలో ఈ మూడు నెలల మాట ఎక్కడా లేదు. చార్టులో 'జనవరి నుంచి రెండు చెవుల్లోనూ నీరు, నేడు మే 10' అని ఉన్నా, డాక్టరు క్రానిక్ అనే మాట రాయకపోతే కోడర్ వేయకూడదు. నాలుగు నెలలని వేళ్ల మీద లెక్కపెట్టగలం గానీ జబ్బు పేరు పెట్టే అధికారం మనకు లేదు. కొత్తగా చేరినవాళ్లు ఇక్కడ కోపం తెచ్చుకుంటారు, 'కనబడుతూనే ఉంది కదా సార్' అంటారు. కనబడటం వేరు, రాసి ఉండటం వేరు అని చెప్పి చెప్పి నా గొంతు అరిగింది.

టింపనోగ్రామ్ విషయంలోనూ ఇదే గొడవ. చెవిలో చిన్న మూతలాంటిది బిగించి గాలి ఒత్తిడి మారుస్తూ కర్ణభేరి ఎంత కదులుతుందో గీసే పరీక్ష ఇది. జబ్బుకు ఐసీడీ అయితే, చేసిన పనికి వేసేది సీపీటీ కోడ్; దీనికి 92567. ఆరోగ్యమైన చెవికి కొండలాంటి గీత వస్తుంది, టైప్ ఏ. లోపలి పీడనం తగ్గితే కొండ పక్కకు జరుగుతుంది, టైప్ సీ. గీత చదునుగా వస్తే టైప్ బీ. చదునుగీత చూడగానే 'నీరు' అని ముడిపెట్టేయడం అలవాటు. పక్కనే ఉండే ఇంకో అంకె చూడాలి, చెవి నాళం పరిమాణం. పిల్లవాడి చెవిలో 0.6 మిల్లీలీటర్లు వచ్చి గీత చదునైతే నీరు ఉండొచ్చు. అదే 2.5 వస్తే కర్ణభేరికి చిల్లు ఉందనో, అందులో పెట్టిన గొట్టం తెరిచి ఉందనో అర్థం. మరీ తక్కువొస్తే గుబిలి అడ్డుపడి ఉండొచ్చు, లేదా మూత నాళం గోడకు తగిలి ఉండొచ్చు. ఒకే బీ అక్షరానికి ఇన్ని కథలు. అందుకే గీత తెచ్చి చార్టులో పెడితే సరిపోదు, దాని అర్థం డాక్టరు ఒక వాక్యంలో రాయాలి. ఆరు నెలల లోపు పసివాళ్లకు మామూలు 226 హెర్ట్జ్ శబ్దంతో చేస్తే గీతే మోసం చేస్తుంది, 1000 హెర్ట్జ్‌తో చేయాలి. ఏ శబ్దంతో చేశారో రాసిన చార్టులు నాకు తక్కువే తగిలాయి.

అసలు మార్గదర్శకం మొదట అడిగేది గాలి ఊది చూసే ఓటోస్కోప్ పరీక్ష. రబ్బరు బంతి నొక్కితే కర్ణభేరి కదులుతుందా లేదా? కదలకపోతే వెనక నీరుంది. ఖర్చు తక్కువ, నిమిషం పని. 'కర్ణభేరి మందంగా ఉంది, కదలిక లేదు' అన్న ఒక్క వాక్యం చార్టులో ఉంటే మిగతా అంతా దాని మీద నిలబడుతుంది. అది లేకుండా 'నీరు ఉండవచ్చు' అని రాస్తే, అవుట్‌పేషెంట్‌లో ఆ 'ఉండవచ్చు'కు కోడ్ లేదు. అనుమానం, బహుశా, కాదని తేల్చాలి... ఇలాంటి మాటలు ఎన్నున్నా వాటిని వదిలి లక్షణానికే కోడ్ వేయాలి. వినికిడి తగ్గిందని ఉంటే అది, చెవి నొప్పి అని ఉంటే అది. తమాషా ఏమిటంటే, అమెరికాలో ఆసుపత్రిలో చేరిన రోగి డిశ్చార్జ్ నోటులో అదే 'బహుశా' ఉంటే జబ్బు ఉన్నట్టే కోడ్ వేస్తారు.

ఏ చెవి అన్న ప్రశ్నకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10లో జవాబు లేదు. అమెరికా సవరణలో ఉంది: చివర 1 అంటే కుడి, 2 ఎడమ, 3 రెండూ. హెచ్65.23 అంటే రెండు చెవుల్లోనూ దీర్ఘకాలపు పల్చటి నీరు. చెవి పేరు చెప్పకపోతే 65.2లో 0, 65.49లో అదే పనికి 9. ఎందుకలా అని అడక్కండి. 2022 ఆర్థిక సంవత్సరపు నియమాల్లో ఓ సడలింపు వచ్చింది. డాక్టరు ఏ చెవో రాయకపోతే, ఆ చార్టులోనే వేరే వైద్య సిబ్బంది రాసినదాన్ని బట్టి తీసుకోవచ్చు. అంటే జబ్బు పేరు డాక్టరు నుంచి, కుడి ఎడమలు వినికిడి పరీక్ష చేసిన ఆడియాలజిస్టు నుంచి. ఇద్దరికీ పొంతన కుదరకపోతే మళ్లీ డాక్టరునే అడగాలి.

పిల్లల్లో కుడి ఎడమలు పోతే పోయేది ఎక్కువగా డబ్బే. పెద్దవాళ్లలో అంతకంటే ఎక్కువ పోతుంది. నడివయసు మనిషికి ఒక్క చెవిలోనే నీరు చేరి తగ్గకపోతే ముక్కు వెనక భాగంలో కణితి ఉందేమో చూడాలని ఈఎన్‌టీ విద్యార్థికి మొదటి ఏడాదే నేర్పుతారు. 'ఒక్క చెవి' అన్నదే అక్కడ గంట మోగించే మాట. చార్టులో అది 'చెవి తెలియదు' అన్న అంకెగా మారితే, తర్వాత చూసే డాక్టరుకు ఆ గంట వినబడదు.

డబ్బు విషయానికొస్తే అసలు కుస్తీ గ్రోమెట్ దగ్గర. నీరు పోకపోతే కర్ణభేరిలో చిన్న గొట్టం పెడతారు. పిల్లలకు ఎక్కువగా మత్తు ఇచ్చి చేస్తారు, సీపీటీ 69436. మత్తు లేకుండా పైపూత మందుతో చేస్తే 69433. రెండు చెవులకూ చేస్తే మాడిఫయర్ 50. 2022లో సవరించిన మార్గదర్శకం ప్రకారం రెండు చెవుల్లో మూడు నెలలుగా నీరుండి, వినికిడి ఇబ్బంది ఉందని నమోదైన పిల్లలకు ఈ గొట్టాలు ఇవ్వజూపాలి. మూడు నెలలు నిండని ఒక్కసారి నీటికి పెట్టకూడదు. బీమా కంపెనీలు ఇదే పట్టుకుంటాయి. క్లెయిమ్‌లో హెచ్65.21, అంటే కుడి చెవి, పక్కన 69436కు 50 తగిలించి పంపితే డినయల్ తిరుగు టపాలో వస్తుంది. రోగి తల్లికి చేరే ఉత్తరంలో మాత్రం 'వైద్య అవసరం నిరూపణ కాలేదు' అని ఉంటుంది. పిల్లవాడికి అవసరం లేని ఆపరేషన్ చేశారేమోనని ఆమె బెంబేలు పడుతుంది. తప్పు ఒక అంకెది.

వినికిడికి వేరే కోడ్ ఉంది, హెచ్90.0 రెండు చెవులకూ, 90.11 కుడికి, 90.12 ఎడమకు. దీన్ని వదిలేయడం మరో అలవాటు. ఈ నీటివల్ల పిల్లల వినికిడి సగటున 28 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. చెవుల్లో వేళ్లు పెట్టుకుని వింటే ఎలా ఉంటుందో దాదాపు అలా. కోడ్ తగ్గిందని చెప్తుంది గానీ ఎంత తగ్గిందో చెప్పదు. డెసిబెల్ అంకె కావాలంటే మళ్లీ డాక్టరు వాక్యానికే రావాలి. చీలిన అంగిలి, డౌన్ సిండ్రోమ్, మాట ఆలస్యం ఉన్న పిల్లలకు మూడు నెలలు ఆగకుండా ముందే ఆలోచించమంటారు. ఆ సంగతులకు విడివిడి కోడ్లున్నాయి, అవి చెవి డాక్టరు చార్టులో పడవు. పిల్లల డాక్టరు చార్టులో ఎక్కడో ఉంటాయి.

కోడర్ చేయగలిగింది ఒక్కటే, క్వెరీ. అంటే డాక్టరుకు ప్రశ్న రాయడం. దానికీ మర్యాదలున్నాయి. 'ఇది క్రానిక్ కదా, నిర్ధారించగలరు' అని రాయకూడదు, అది నోట్లో మాట పెట్టడం. 'జనవరి 6న, మార్చి 2న, మే 10న రెండు చెవుల్లో నీరు అని ఉంది. మీ అభిప్రాయం ప్రకారం ఇది: అక్యూట్, క్రానిక్, మరొకటి, చెప్పలేం' అని రాయాలి. డబ్బు ప్రస్తావన అసలు రాకూడదు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఇలాంటి క్వెరీ పంపితే రోజు టార్గెట్ దెబ్బతింటుందని, 65.9 వేసి ముందుకెళ్లమనేవారు. నేనూ వెళ్లాను.

మన వైపు పరిస్థితి వేరు. ఆంధ్ర, తెలంగాణల్లోని పెద్ద ఆసుపత్రుల మెడికల్ రికార్డ్స్ విభాగాలు ఐసీడీ-10 కోడ్లు వేస్తాయి, కానీ ప్రధానంగా డిశ్చార్జ్ అయినవాళ్లకు. చెవిలో నీరు ఓపీ జబ్బు. ఓపీ చీటీ పాలిథీన్ కవర్లో మడత పెట్టుకుని రోగి ఇంటికి వెళ్లిపోతుంది, దాంతోపాటే ఆ నీరు లెక్కల్లోంచి వెళ్లిపోతుంది. చీటీ మీద ఉండేది 'సీఎస్ఓఎం', 'ఏఎస్ఓఎం' లాంటి చీము చెవుల పొడి అక్షరాలు, వాటి పక్కన బాణం గుర్తు, మందుల పేర్లు. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వెళ్లి పిల్లల్ని పరీక్షిస్తాయి. వాళ్లు చూడాల్సినవాటిలో చెవి జబ్బూ ఉంది, వినికిడి లోపమూ ఉంది. కారే చెవిని ఎవరైనా పట్టుకుంటారు, వాసనే చెప్తుంది. కారని, నొప్పిలేని చెవిని టార్చిలైటుతో పట్టుకోవడం కష్టం. పరధ్యానం, మొద్దు అన్న ముద్ర వేసి వెనక బెంచీకి పంపేది ఈ పిల్లల్నే.

ఐసీడీ-11 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఒక సుఖం ఉంది. మూల కోడ్‌కు ఏ చెవి అన్నది అదనపు కోడ్‌గా గుచ్చవచ్చు, ప్రతి అరలో కుడి ఎడమలు విడిగా అచ్చువేయనక్కర్లేదు. అమెరికా ఇంకా దానికి మారలేదు. మన దేశానికి 2014 నుంచి స్నోమెడ్ సీటీ అనే వైద్య పదకోశం ఉచితంగా వాడుకునే హక్కు ఉంది. అందులో ఓఎంఈకి సొంత పేరే ఉంది, ఏ అరలోనూ దాక్కోనక్కర్లేదు. డాక్టరు స్నోమెడ్‌లో ఎంచుకుంటే వెనక ఐసీడీ అంకె దానంతటదే పడేలా చేయొచ్చు. ఆ అంకె 65.9 అయినా, అసలు పేరు మాత్రం రికార్డులో నిలుస్తుంది. అందరూ కోడ్లు మార్చాలని కొట్లాడతారు గానీ నాకు ఈ దారే తేలికనిపిస్తుంది.

రెండు చెవుల్లో నీరున్న ఓ పిల్లవాడి చార్టు ఆడిట్ చేస్తూ మే, ఆగస్టు, నవంబరు పేజీలు వరసగా తిప్పాను. మేలో హెచ్65.23. ఆగస్టులో హెచ్65.23. నవంబరు నోటు లోపల, పరీక్ష దగ్గర, 'రెండు కర్ణభేరులూ బాగా కదులుతున్నాయి, నీరు లేదు, టైప్ ఏ' అని చక్కగా రాశారు. కింద జబ్బు పేరు దగ్గర ఆగస్టు వాక్యం కాపీ అయి కూర్చుంది, పక్కన మళ్లీ హెచ్65.23. నీరు పోయిన చెవికి వేయాల్సింది జెడ్09, చికిత్స ముగిశాక చూపు, దాని తోడుగా జెడ్86.69. ఆ రెండో కోడ్ పేరు పూర్తిగా చదివితే 'నాడీమండలానికి, జ్ఞానేంద్రియాలకు గతంలో వచ్చిన ఇతర జబ్బులు'. అందులో చెవి అన్న మాటే లేదు. అయినా అదే వేయమని క్వెరీ రాశాను. జవాబు రాలేదు. ఆ పిల్లవాడి చెవులు ఇప్పుడు శుభ్రంగా వింటుంటాయి, రికార్డులో మాత్రం నీరు అలాగే ఉంది.